కంటిన్యూటీ

రూహ్ అఫ్జా రెండు సీసాలు,
రంజాన్ అయినంక మండి బజార్ల సగం ధరకు దొరికినయి.
దాంట్ల పిడికెడు మైదా, చెంచెడు కాఫీ పొడి,
పచ్చరంగు ఒకే ఒక్క చుక్క.
ఆ పచ్చ లేకుంటె
నెత్తురు సర్బత్ లెక్కనే కనవడతది.

ఇది నా పని. ఇంకో పని, నోట్‌బుక్ రాసుడు.
పద్నాలుగో సీను: ఎడమ చెయ్యి, మోచేతి దాక, తడి.
పదిహేను: అదే చెయ్యి, ఎండిన మరక.
సోమారం రాత్రి కారిన నెత్తురు
మల్ల సోమారం అదే జాగల ఆగి ఉండాలె.
దాన్ని కంటిన్యూటీ అంటరు.

ధర్మారం గేటు అవతల, మూతవడ్డ జిన్నింగు మిల్లు.
మా డైరెక్టరు సారంగం పగలు పెండ్లీలు తీస్తడు,
అర్ధరాత్రి గొంతులు కోపిస్తడు.
టాకీసుకు పోని సినిమా, సెన్సారు సూడని సినిమా,
పెన్‌డ్రైవుల చేతులు మారే సినిమా.
"కెమెరా వణకాలె," అంటడు.
"సూసేటోడు పోలీసులకు చెప్పాల్నా వద్దా అని
ఫోన్ పట్టుకొని కూసోవాలె."

వనమాలను పదకొండు సార్లు సంపినం.
పదకొండు సార్లు లేశి, మెడ తుడుసుకొని,
చాయ్ అడిగింది. చక్కెర ఎక్కువ.

పన్నెండోసారి సారంగానికి సాలలే.
"నడుమ నడుమ నిజం మనుషులను వెడదాం,
అబద్ధానికి పాణం వస్తది," అన్నడు.

తెల్లారి బుచ్చవ్వను తెచ్చిండు.
ఇదే మిల్లుల ఇదే రోలరు కాడ పని జేసిన బుచ్చవ్వ.
ప్లాస్టిక్ కుర్చీ. కిటికీల నుంచి ఎండ.
"అవ్వా, ఈడ దయ్యం ఉన్నదా?"
"దయ్యమేడిది కొడుకా, దానికి కూలెవలిస్తరు?"

నవ్వుకుంటనే కుడిచెయ్యి పైకి లేపింది.

"ఆ రాత్రి దూది ఎర్రగొచ్చింది.
పారేస్తరనుకున్న. పారెయ్యలే.
అట్లనే కలిపి బేలు కట్టిండ్లు.
ఎవలి పరుపులనో ఉంటయి నా ఏళ్ళు,
మంచిగ పండుకొని."

అలవాటు కొద్ది నోట్‌బుక్ తెరిసిన.
కుడిచెయ్యి. సూపుడేలు, నడిమేలు. రెండో కణుపు కాడికి.
అంతే రాసి పెన్ను ఆపిన.
ఇరవై రెండేండ్ల సంది
ఒక్క షాటుల తప్పలే ఆ చెయ్యి.

"ఇంకోసారి చెప్పు అవ్వా, జర ఏడ్సుకుంట."
ఆమె సారంగం దిక్కు సూడలే, కెమెరా దిక్కు సూసింది.
"ఏడ్సుడు అప్పుడే అయిపాయె గద.
ఇప్పుడు ఏడిస్తె అబద్ధమైతది."

కిషన్‌పురల ట్యూషన్ సెంటరు, ఆదివారం రాత్రి, షట్టరు దించి
పందొమ్మిది మందికి ఏసినం.
వనమాల గొంతు తెగంగనే
ఒక పోరడు మెట్ల మీదికి ఉరికి కక్కుకున్నడు.
సారంగం మొఖం పెండ్లికొడుకు లెక్క ఎలిగింది.
తర్వాత బుచ్చవ్వ చెయ్యి తెర నిండా.
ఎనుకబెంచీ నుంచి ఎవడో,
"గీ మేకప్ తేలిపోయిందన్నా!"
అందరు నవ్విండ్లు.
లైట్లు ఏసినంక నన్ను పట్టుకొని,
గొంతుకు వెట్టిన శ్రద్ధ ఏళ్ళకు వెట్టలేదేంది అన్నరు.
నాది కాదని చెప్పబోతె
సారంగం నా తొడ గిచ్చిండు.
గా అనుమానమేనట సినిమా.

ఇంకోటి చెప్పుడు మరిసిన.
ఆ పొద్దు ఐదు వందలు కొంగుల ముడేసుకొని పోవుకుంట
బుచ్చవ్వ గేటు కాడ ఆగింది, నా చేతులు సూసి.
మణికట్ల దాక ఎర్రగున్నయి, రాత్రియి, కడగలే.
ఏం జేసినవని అడగలే. ఎవలిదని అడగలే.
"సల్లనీళ్ళు పెట్టి రుద్దు బిడ్డా," అన్నది,
"నెత్తుర్ని ఏడినీళ్ళు పట్టుకుంటయి, ఇడువయి."

సర్బతని చెప్పలే.
బోరింగు కాడ కూసొని
సల్లనీళ్ళతోనే కడిగిన,
చానాసేపు.