ఆగని మోటారు

పత్తికొండలో నాది వైండింగు షాపు.
ఇరవై ఆరేండ్లు.
కాలిన మోటారు ముక్కు దగ్గర పెట్టుకుంటే చాలు,
యా కాయిలు మాడిందో చెప్పేస్తా.
తుగ్గలి, మద్దికెర, దేవనకొండ,
యా చేన్లో యా బోరు ఎన్నడుగులకు ఎండిందో
నాకు నోటిలెక్క.
ఆగినదాన్ని ఆడించేది,
అంతే నా చదువు.

దస్తగిరమ్మకు నాలుగోసారి మందెక్కించినాక
కర్నూలు ఆసుపత్రిలో డాక్టరమ్మ
చీటీ తిరగేసి బొమ్మ గీసింది.
గుండ్రంగా ఒక కణం,
దాని గోడలో సన్న సన్న గొట్టాలు.
"మందు లోపలికి పోతోంది.
పోయినంతసేపు పట్టదు, ఈ పంపులు బయటికి తోడేస్తున్నాయి.
ఇచ్చిన మందునే కాదు,
ఇంకా ఇవ్వని మందుల్ని కూడా."

పంపులు.
ఆ ఒక్క మాట నాకు అర్థం కాకుండా ఉండింటే బాగుండు.

ఎన్ని హార్స్‌పవరని అడగబోయి మింగినా.
కరెంటు యాడినుంచి మేడం, అన్నా.
"ఆమె తినే తిండి నుంచే."

పొద్దున్నే కొర్రగంజి
రెండు గలాసుల్లో పోసి, తిరగబోసి, చల్లార్చి,
బతిమాలి తాపినానే.

వెయ్యడుగులు దింపినా తడి తగలని సీమలో
దాని కడుపులో మాత్రం రేయింబగలు నీళ్లు తోడినట్టు
కోత లేని త్రీఫేజు.
ఎవరి మోటారైనా ఆడల్లనే కోరుకున్నోణ్ణి,
ఆగిపోవే, కాలిపోవే అని
ఒక యంత్రాన్ని తిట్టడం అదే మొదలు.

"ఆపే మందు లేదా?"
"ఆపి చూసినారు. మంచిచోట కూడా ఇవే పంపులు.
మెదడు గడప కాడ, పేగుల్లో, మూత్రపిండాల్లో
విషాన్ని బయటికి తోసేది ఇవే. అన్నీ ఒకేసారి ఆగితే..."
చెప్పనక్కర్లే.
ఒక్క బోరు ఆపను ట్రాన్స్‌ఫార్మరు ఫ్యూజు పీకితే
ఊరి గతేమైతాదో నాకు తెల్సు.

కోడుమూరు దాటినాక వాన.
బస్సు అద్దానికి తల ఆనించి దస్తగిరమ్మ,
"జొన్నగిరి గుర్తుందా" అనె.
పెండ్లయిన కొత్తలో, తొలకరికి
వజ్రాలేరను పోయినాము మూడు దినాలు.
నడుములు ఇరిగినాయి గానీ ఒక్కటీ దొరకలే.
"వాన మెత్తటి మన్నునంతా కొట్టకపోతేనే గదా
గట్టిరాయి పైకి తేలేది.
నాకూ అదే అయినట్టుండాది.
మొదటి మందుకు మెత్తటియి పోయినాయి."
డాక్టరమ్మ బొమ్మ గీసి చెప్పిందాన్ని
ఇది కండ్లు మూసుకొని చెప్పింది.

తరవాత నెల కొత్త దారి.
మందు పాతదే, ఆ ఎర్రదే,
కొవ్వు పొరలో చుట్టినారంట.
పంపు దాన్ని మందని పోల్చుకునేలోగా
లోపలికి దూరి కూర్చుంటాదంట.
దొంగకరెంటు కొక్కెం తెలిసినోణ్ణి, నచ్చింది నాకు.
"గ్యారంటీనా మేడం?"
తల అడ్డంగా ఊపింది.
కోపం రాలే. నా షాపు బోర్డు మీద ఏముంది?
*కాలిన మోటార్లకు గ్యారంటీ లేదు.*
రాసింది నేనే, తప్పుల్తో.

సూది గుచ్చిన చేయి ఒళ్లో పెట్టుకొని
సీసాలోంచి దిగే ఎర్రటి చుక్కల్ని చూస్తా అనిందిది:
"నువ్వు చుట్టిన మోటారే అయ్యింటే
ఎప్పుడో కాలిపోయ్యుండు."
పక్క మంచం ఓబులమ్మ
దగ్గొచ్చేదాకా నవ్వింది.
నేనూ నవ్వినా. బయటికి పోయి
కొళాయి తిప్పి మగం కడుక్కున్నా.

నిన్న రక్తం లెక్క వచ్చింది.
ఆరునూర్ల ముప్పై ఉన్నింది నాలుగునూర్ల పన్నెండు.
తగ్గిందనదు డాక్టరమ్మ. "చూద్దాం" అంటాది.
ఆ మాటను మడిచి జేబులో పెట్టుకొని వచ్చినా.

రాత్రి, రంగన్న మోటారు బెంచీ మీద ఎక్కించి
స్విచ్చేసి, ఆంపియర్లు చూసి, తీసేసినా.
కరెంటు పోయినా ఎంటనే ఆగదు ఏదీ.
తిరుగుతాది, మూలుగుతాది,
ఇంకొంచేపు తిరుగుతాది.
దీపం కింద నిలబడి
సుట్లు లెక్కపెడుతుండా.