పట్టు విడుపు

గోథెన్‌బర్గ్‌లో ఫిబ్రవరి.
మంచూ కాదు, వానా కాదు, రెండింటికీ నడుమ ఏదో
ల్యాబు అద్దాన్ని అంటుకుని
జారాలా వద్దా అని ఆలోచిస్తోంది.

ట్రేలో పదకొండో సీసా.
ఉల్రికా, యాభై రెండేళ్లు, ట్రాము డ్రైవరు.
ఈ చలికాలంలో ఇది నాలుగోసారి.
ఫారం అంచున ఎవరో నర్సు పెన్సిలుతో రాసింది:
"సాల్ట్‌హోల్మెన్ దాకా ఆపుకుంటుందట."

ఆపుకోవడం.
ఆ మాట దగ్గర నేనూ కాసేపు ఆగాను.

గాజు పలక మీద ఆమె చుక్క ఒకటి,
పక్కన రొట్టె పొంగించే ఈస్టు చుక్క ఒకటి.
కలిపి, అటూ ఇటూ ఊపుతాను
ఉయ్యాల ఊపినంత నెమ్మదిగా.
పాలు విరిగినట్టు తెల్లటి పలుకులు తేలాయి.
అంటే వీటికి నూగు మొలిచింది.
ఒక్కోదానికి వందల వెంట్రుకలు,
ప్రతి కొసనా ఒక గుప్పిట,
గుప్పిట్లో ఒక్క చక్కెరకే చోటు.
ఆ చక్కెర ఈస్టు ఒంటి మీదా ఉంది,
ఉల్రికా మూత్రాశయం గోడ మీదా ఉంది.
అంటనిదే అంటు లేదు.

అదే చక్కెర, మ్యానోజ్, ఒక్క బొట్టు వేస్తాను.
గుప్పిళ్లన్నీ తీపితో నిండిపోయి
పట్టుకున్నదాన్ని వదిలేస్తాయి.
విరిగిన పాలు కలవవంటారు.
కలుస్తాయి. రోజుకు ఆరుసార్లు చూస్తాను.

మిగిలింది పళ్లెం మీద గీసి పెడితే
మర్నాటికి అదే వంశం, అదే కడుపు,
చాలావాటికి బోడి ఒళ్లు.
పట్టు మరిచిపోయాయేమో అన్నాను, కొత్తలో.
తుర్‌బ్యోర్న్ నవ్వలేదు. కిటికీ దగ్గరికి పిలిచి
కింద బ్రున్స్‌పార్కెన్ కూడలి చూపించాడు.
"మరవలేదు. పట్టా మార్చుకున్నాయి."

మూడు వందల పద్నాలుగు అక్షరాల ముక్క,
జన్యువుల వాకిట్లో.
ఇటు తిరిగి ఉంటే వెంట్రుకలు,
అటు తిరిగి ఉంటే నున్నటి మౌనం.
అక్షరం పోదు, అక్షరం రాదు,
ముక్క బోర్లా పడుతుంది, అంతే.
తిప్పేవాళ్లు ఇద్దరు.
ఒకడికి ఎటైనా ఒకటే, తీరుబడి మనిషి.
రెండోవాడు దురుసు, ఆర్పే వైపే వాడి చెయ్యి.
ఒంటి వెచ్చదనం, ఉప్పు, పులుపు
ఆ ఇద్దరి చెవుల్లో ఏవో ఊదుతూనే ఉంటాయి.

అన్నీ పట్టుకుంటే తెల్లకణాలు పసిగడతాయి.
అన్నీ వదిలేస్తే వరద ఊడ్చేస్తుంది.
అందుకే ఆ ఇంట్లో
అందరూ ఎన్నడూ ఒక్క మాట మీద ఉండరు.
పైగా ఆ గుప్పిట గుణం ఒకటి,
ప్రవాహం లాగేకొద్దీ బిగుసుకుంటుంది.

ఆ సాయంత్రం పదకొండో నంబరు ఎక్కాను.
కూడలి దగ్గర పట్టాల నాలుక గడ్డకట్టి
ట్రాము ఆగిపోయింది.
డ్రైవరు ఇనప కడ్డీతో దిగింది,
వంగింది, గడ్డ పగలగొట్టింది, నాలుకను ఇటు తోసింది.
ఒక చెయ్యి పొత్తికడుపు మీద పెట్టుకుని
ఒక్క క్షణం అలాగే నిలబడింది.
అందరూ గడియారాలు చూశారు.
కోటు మీద పేరు చదివాను.
ఏమీ అనలేదు. అనకూడదు.
ఆమె గుట్టు నా ఇంక్యుబేటర్‌లో
ముప్పై ఏడు డిగ్రీల దగ్గర కోట్లుగా పెరుగుతోంది.

తెల్లారి రిపోర్టులో ఏ మందు పనిచేస్తుందో రాశాను.
ఏది చెయ్యదో రాశాను.
ఇంక గడి లేదు.
అంచున పెన్సిలుతో:
"దారి మధ్యలో దిగడానికి ఐదు నిమిషాలు ఇప్పించండి."

తుర్‌బ్యోర్న్ చదివి, రబ్బరు తీశాడు.
వేళ్ల మధ్య పట్టుకుని కాసేపు నిలబడి,
మళ్లీ జేబులో వేసుకున్నాడు.