ఏడో రుమాలు

మంగళవారాలు నాకు ఆసుపత్రి డ్యూటీ ఉండదు.
హోబర్ట్ రేవు వెనక, దస్తావేజుల గదిలో కూర్చుని
రెండువందలేళ్ళ నాటి చేతిరాతని
కంప్యూటర్లోకి ఎక్కిస్తుంటాను.
జీతం లేదు. టీ ఇస్తారు.

ఈ వారం నా వంతుకొచ్చిన మనిషి
థామసిన్ పెథరిక్.
వయసు పందొమ్మిది. ఎత్తు ఐదడుగులకి అంగుళం తక్కువ.
మొహాన స్ఫోటకం మచ్చలు, ఎడమ బొటనవేలికి గోరు లేదు.
పని: పాలు పితకడం, కొద్దిగా కుట్టు.
చదువు: సున్నా.
నేరం దగ్గర గుమాస్తా కలం సిరా కక్కింది.
భూతద్దం పెట్టి కూడబలుక్కున్నాను:
మసూలిపటం రుమాళ్ళు. ఎర్రవి.

మసూలిపటం!
నోట్లో గులకరాయి పెట్టుకుని పలికినట్టున్నా
అది మా బందరే.
కుర్చీ కాస్త ముందుకి జరుపుకున్నాను,
ఎవరో మనవాళ్ళు కనబడ్డట్టు.

ఎక్సెటర్ కోర్టు కాగితాలు వేరే కట్టలో ఉన్నాయి.
అంగడివాడు బైబిలు మీద చెయ్యేసి చెప్పాడు:
సరుకు నాదే దొరా, కళ్ళు మూసుకుని పోల్చగలను,
ఎన్ని ఉతుకులు ఉతికినా దీని నూనె కంపు పోదు.
ఆ మాట మాత్రం నిజం.
పేరాలలో మా మేనత్త మగ్గం గదిలోంచి వచ్చాక
అన్నం ముద్దకి కూడా అదే వాసన.
ఏ నేతగాడు నేశాడో, ఏ చెయ్యి చిరువేరు దంచిందో
కోర్టు అడగలేదు.
అడిగినా చెప్పేవాళ్ళెవరు?

తానులో ఏడు రుమాళ్ళుండాలి.
పిల్ల గౌను మడతల్లో దొరికినవి ఆరు.
ఏడోదాన్ని ఎవరో కోసేశారు,
వంకర లేకుండా, పోగు వెంట పోగుగా.
ఏమైందే అని జడ్జి అడిగాడు.
"ఖైదీ మౌనం వహించినది."

దుకాణంలో ఎత్తిన సరుకు ఐదు షిల్లింగులు తూగితే
ఆ రోజుల్లో ఉరి.
అంగడివాడు ఒక్కోటి షిల్లింగన్నాడు.
జ్యూరీ పన్నెండు మందీ తలలు దగ్గర చేర్చి గుసగుసలాడి
తొమ్మిది పెన్నీలకి దింపారు.
కాగితం మార్జిన్లో ఎవరో లెక్క కట్టుకున్నారు.
నేనూ చిన్నప్పటి ఎక్కం రాగంలో కట్టాను:
ఆరు తొమ్ములు యాభై నాలుగు.
నాలుగున్నర షిల్లింగులు. మెడ దక్కింది.
ఏడు తొమ్ములు అరవై మూడు.
అక్కడ ఆగిపోయాను.
టీ చల్లారిపోయింది.

ఏడేళ్ళ శిక్ష.
ఏలినాటి శని కన్నా ఆర్నెల్లు తక్కువ.
ఊరు పొమ్మంది, కాడు ఇంకా రమ్మనలేదు,
మిగిలింది సముద్రం.

నాలుగు నెలల పంతొమ్మిది రోజులు.
కుడిపక్క బల్లమీద వెన్న దొంగ,
ఎడమపక్క, తీగ మీద ఆరేసిన తడి లంగా దొంగ,
కాళ్ళ దగ్గర ఒక ముసలమ్మ, వెండి చెంచా.
అది నా చెంచాయేనని
అట్లాంటిక్ పొడుగునా పోట్లాడుతూనే ఉందట.
ఓడ డాక్టరు అన్నీ రాశాడు:
ఎవరికి విరేచనాలు, ఎవరికి దిగులు,
ఏ బిడ్డని ఏ తెల్లవారుజామున నీళ్ళలోకి జార్చారు.
జూన్ పదకొండు కింద ఒక్క ముక్క:
"పెథరిక్ మెడకి ఎర్ర గుడ్డపేలిక కట్టుకుంటున్నది.
ఉతకడానికి ఇమ్మన్నా ఇవ్వదు.
వాసన భరింపరానిది."

ఆ తర్వాత ఆమెకి ఇక్కడ ఒక యజమాని దొరికాడు,
ఇంకో యజమాని, ఒక రాత్రి చెప్పకుండా మాయం,
రేవులో ఒంటరిగా పట్టుబడింది,
మూడు రోజులు రొట్టె, నీళ్ళు.
పెళ్ళి ఉన్నట్టు లేదు. చావు కాగితం
ఇంకా ఎవరి చేతికీ రాలేదు.

కిటికీలోంచి చూస్తే అదే రేవు.
చేపల పడవ ఒకటి తాడు బిగించుకుంటోంది.

తెర మీద గడి ఖాళీగా మినుకుమంటోంది:
దొంగిలించిన వస్తువుల సంఖ్య?
గదిలో ఎవరూ లేరు. అయినా
ఒకసారి వెనక్కి తిరిగి చూసి
ఆరు, అని కొట్టాను.