మస్తరు

కొత్త రేటు కాగితం వచ్చిన రోజు
కాశీబుగ్గలో వాన.
మా జీడి ఫ్యాక్టరీ గోడకి దాన్ని నేనే అంటించాను,
క్యారేజీలో మిగిలిన మెతుకులతో.
చదువు రాని తవిటమ్మ వేలితో అంకెని తడిమి
"దినానికేనేటి బాబూ? వారానికి గాదు గదా?" అంది.
దినానికే, అన్నాను.
ఆ సాయంత్రం పొట్టు తీసే షెడ్డులో
పప్పుకంటే నవ్వులే ఎక్కువ రాలాయి.

అంకె అబద్ధం కాదు.
ఊర్వశి మొదటి నెలే
డ్వాక్రా వాయిదా తప్పకుండా కట్టింది,
కొడుక్కి కళ్లజోడు కొంది.
ఇదీ రాయాలి. రాయకపోతే
షావుకారి లెక్కకీ నా లెక్కకీ తేడా ఏముంది?

రెండో నెల లారీ దిగింది
నీలి పరదా కప్పుకున్న మిషను.
గాలి కొడితే చాలు, పొట్టు ఊడి వస్తుంది.
దానికి కళ్లు మండవు, దాని పిల్లలకి జొరం రాదు.
"మధ్యలో టీ కూడా అడగదయ్యా" అన్నాడు షావుకారు,
టీ తాగుతూ.

ముప్ఫై ఒక్క పేర్లు. పద్దెనిమిది ఉంచమన్నాడు.
పప్పునైతే ఏరతారు,
గుడ్డు, బద్ద, ముక్క, నూక.
నేనూ అలాగే ఏరాను.
చూపు ఆననివాళ్లు, మోకాళ్లు పట్టేసినవాళ్లు,
మొగుణ్ణి వారానికి రెండుసార్లు
డయాలసిస్‌కి తీసుకెళ్లే దమయంతి.
తవిటమ్మ పేరు దగ్గర ఎర్ర పెన్ను పలకలేదు.
విదిలించి, మళ్లీ గీశాను.

ఇప్పుడు చీకటి పడ్డాక వెనక గుమ్మంలోంచి
బస్తాలు వెళ్తాయి వాళ్ల ఇళ్లకి.
కిలోకింత.
ఇంట్లో ఒలిచే చేతికి ఆ కాగితం వర్తించదు.
తవిటమ్మ, కోడలు, ఇంకా బడి మానని మనవరాలు
బల్బు కింద ముగ్గురు.
మస్తరులో ఎవరూ లేరు.

నిన్న రైలు గేటు దగ్గర ఎదురైంది.
తిడుతుందనుకున్నాను.
"ఊర్వశికెంత పడతంది బాబూ ఇప్పుడు?"
చెప్పాను.
"పోన్లే, దానికయినా వొస్తంది" అంది.
కాసేపు పట్టాల వంక చూసి,
"మరి మాకు కిలోకి రూపాయయినా ఎయ్యమని సెప్పవేటి?"
జీడి చమురుకి నల్లబడ్డ చేతిని
నా చొక్కాకి తగలకుండా
దూరంగా పట్టుకుని అడిగింది.

గేటు లేచింది.
వెనక ఆటోవాడు హారన్ కొడుతున్నాడు.
నేనింకా
కూడుతూనే ఉన్నాను.