గిన్నె అడుగున

కోఠి నుంచి వచ్చిన పిలగాడు శ్రవణ్
మూడు డబ్బాలు విప్పి గల్లా మీద పెట్టిండు.
"ఏది కావాల్నో నువ్వే చూడక్కా" అన్నడు,
వనపర్తి ఎండకు అంగి ఈపుకు అతుక్కుపోయి.

మొదటిది తీగ ఉన్నది, అగ్గువది.
పాలగిన్నె మీద ఎర్రటి గీత ఒకటి ఇడిసింది.
గిన్నె ఊకుంటదా?
కొత్త స్టీలు, అద్దమోలె ఉన్నది.
గీతను పట్టి పైకప్పు మీదికి ఇసిరికొట్టింది.
బల్లి పక్కపొంటి వణికింది వెలుగు.
మిషిన్‌కు మాత్రం కూత లేదు.
"గుండ్రంగ ఉన్నదాని మీద జర కష్టమే."
తమ్మీ, ఇది గిన్నెల దుకాణం.
ఈడ గుండ్రంగ లేనిది నా బీరువా ఒక్కటే.

రెండోదానికి తీగ లేదు.
పట్టుకొని మీది గోదాముకు ఎక్కినం.
రెండు వందల మందికి బువ్వ వండే గుండిగలను
గల్లాకాడికి దించుడు ఎవరి తరం?
మిషినే వాటికాడికి పోవాలె,
మంచంల ఉన్న ముసలామెను
సుట్టపోళ్ళు చూడవోయినట్టు.
మెట్ల మలుపు దాక మంచిగనే కూసింది.
మలుపు దాటంగనే
కింద ఉన్న కంప్యూటర్‌ను మరిచిపోయింది.
"చదివింది యాదిల పెట్టుకుంటదక్కా,
దగ్గరికొచ్చినంక అప్పజెప్తది."
మా బుచ్చిలింగం గూడ అంతే,
ఉద్దెర వసూలుకు తోలితే.

మూడోది నిలవడి ఉండేది.
ధర చెప్పంగనే ఫ్యాన్ ఆగినట్టయింది.
ఫోన్ల మీది గళ్ళబొమ్మను గూడ చదువుతదట.
సామాను తెచ్చి దాని ముంగట తిప్పాలెనట
ఆరతి ఇచ్చినట్టు.
గుండిగను ఎట్ల తిప్పాల్నో అడగలే.

మా అమ్మ పెబ్బేరు సంతల
సిల్వర్ గిన్నెలు అమ్మింది ఇరవై ఏండ్లు.
ఆమెకు పది అక్షరాల లెక్క ఒకటుండె.
ఒకటికి 'మ', రెండుకు 'ల', సున్నకు 'గ'.
కొన్న ధరను గిన్నె అడుగున బొగ్గుతోని రాసేది.
'మలగ' అంటే నూట ఇరవై.
కొనేటోళ్ళు అదేదో కంపెనీ పేరనుకునేటోళ్ళు.
బేరం ముదిరినంక
అమ్మ గిన్నెను బోర్లించి, ఒక్కసారి చూసి,
పెద్ద ఊపిరి ఇడిసి,
"నష్టమే బిడ్డా, పో, తీస్కపో" అనేది.
నష్టం ఎన్నడూ కాలే.

గా అలవాటుకే కావచ్చు
నేను పాలగిన్నెను బోర్లించిన.
అడుగు చదునుగ ఉన్నది, మెరుపు తక్కువ.
"తమ్మీ, చీటి ఈడ అంటిస్తే?"
అంటించిండు. తీగ లేనిదాన్ని ఆనిచ్చిండు.
టీక్ మన్నది.
"ఇది మాకు ట్రైనింగ్ల చెప్పలే అక్కా."

మూలకు కూసొని పేర్లు చెక్కుతున్న ఖాజాభాయ్
తలకాయ లేపిండు.
"ఆ చీటి మొదటి తోముడుకే పోతది గద?"
"పోనీ, అప్పటికి అమ్ముడువోయి ఉంటది."
ఆయన నవ్వలే.
చెక్కుడు మిషిన్ గుర్రుమన్నది మళ్ళ,
'కుర్మమ్మ'ల 'ర్మ' కాడ మెల్లగయింది.

రెండోదే తీస్కున్న.
ఐదు వందలు తగ్గించిండు.
ఆ బేరం మాత్రం నోటితోనే అయింది.

ఆదివారం షటర్ సగం దించి లెక్క పెట్టినం.
లోటాలు, బిందెలు, మూడు అరల టిఫిన్లు,
ఎవ్వరూ కొనని ఇడ్లీ పాత్రలు, కూత మీద కూత.
ఆఖరికి మూడు గ్లాసులు మిగిలినయి.
చీటి లేదు, లెక్కల లేవు.

నర్సమ్మ అని చెప్తే నర్సయ్య అయింది ఒకటి.
ఒకదాని మీద పేర్లు రెండూ సరిగనే ఉన్నయి,
పెండ్లే ఆగిపోయింది.
మూడోదాని మీద ఉత్త 'శ్రీమ'.
అంతల కరెంటు పోయింది ఆ దినం,
కొనవచ్చినామె బస్సు పోతదని ఎల్లిపోయింది.

బుచ్చిలింగం వాటి చుట్టూ ఎర్ర లైటు తిప్పిండు,
బోర్లించి తిప్పిండు, తుడిచి తిప్పిండు.
మిషిన్ ఏమనలే.
"వీటిని ఏమని ఎక్కియ్యాలె అక్కా?"

నాలుగు కొట్టింది.
"చాయ్ పొయ్యి" అన్న.