తిరుగు టపా

సాయంత్రం ఆరు కొట్టగానే బడి తలుపు మూశాం.
పిల్లల బల్లలు నాలుగు దగ్గరికి జరిపి
అద్దాల పెట్టె బోర్లిస్తే
నీలి కవర్లు జలజలా రాలాయి.
బెల్జియం వైపు నుంచి ముసురు పొద్దుట్నించీ వదల్లేదు.
అయినా నూట ఎనభై ఏడుగురు వచ్చి వెళ్ళారు,
ముందెప్పుడూ రానివాళ్ళు కూడా,
బూట్ల బురద గుమ్మంలో దులుపుకుని.

కవర్లు నాకు కొత్త కాదు.
ముప్పై ఒక్కేళ్ళు వాల్‌మొరెల్‌కి ఉత్తరాలు పంచాను,
పసుపు సైకిలు మీద, మోకాళ్ళు పోయాక పసుపు బండిలో.
ఎవరి కుక్క కరుస్తుందో
ఎవరి తలుపు వానకి ఉబ్బి మొండికేస్తుందో
కవరు చింపకుండానే ఎవరి మొహం వాడిపోతుందో
నాకు తెలుసు.

వీటి మీద మాత్రం చిరునామా లేదు.

బ్లాందీన్ విప్పుతుంది.
గిస్లాన్ పేరు చదువుతాడు.
నేను గీస్తాను,
నాలుగు గీతలు చదరం, ఐదోది మూలకి మూల.

మొదట్లో పేర్లు కలగాపులగంగా వచ్చాయి.
తర్వాత ఒకటే పేరు.
మళ్ళీ అదే.
గిస్లాన్ గొంతు తగ్గించాడు,
ఇంట్లో ఎవరో జబ్బుపడ్డట్టు.

కిందటిసారి ఆ పార్టీకి పడ్డవి నాలుగు.
ఆ నలుగురెవరో వేళ్ళ మీద లెక్కపెట్టి
కాఫీ కొట్లో నవ్వుకున్నాం.
ఆ కొట్టిప్పుడు లేదు.

అతను మా ఊరికి ఒక్కసారీ రాలేదు.
మిగతావాళ్ళూ రాలేదనుకోండి.
ఎవరూ రానందుకు మండిపడ్డవాడు మాత్రం
అతనొక్కడే.

పరాయివాళ్ళు పోవాలంటాడు.
మా ఊరికి వచ్చే పరాయివాడు ఒక్కడు,
గురువారాలు వచ్చే డాక్టరు బెన్‌సైద్.
ఆయన కోసం గుడ్లు కట్టి ఉంచుతారు ఇళ్ళలో,
అవే ఇళ్ళలో.

ఒక కాగితం నాలుగు మడతలు,
అంచులు గోటితో గట్టిగా నొక్కి.
పాల లెక్కల చీటీ అలా మడిచేవాడు అర్సెన్,
ఆవుల్ని అమ్ముకోకముందు.
కిందటి శీతాకాలం అతని భార్య ఊపిరి నిలబెట్టింది ఆ డాక్టరే.
నేను పైకి చూడలేదు. గీత గీశాను.

పురుళ్ళ ఆసుపత్రి ఎత్తేస్తున్నామన్న ఉత్తరం
ఇంటింటికీ ఇచ్చింది నేను.
ఇకపై రైలు ఆగదన్నదీ నేనే ఇచ్చాను.
రొట్టెల బట్టీ చల్లారి
చర్చి గోడ పక్కన డబ్బాలాంటి మిషను వెలిసింది,
నాణెం వేస్తే రొట్టె పడుతుంది,
ఒక్కోసారి నాణేన్నే మింగుతుంది.
దాని మీద రాసిన అర్జీకి జవాబొచ్చింది:
మీ విన్నపం అందినది, పరిశీలనలో ఉన్నది.
అదీ నేనే పట్టుకొచ్చాను,
సంతకం పెట్టించుకుని మరీ.

ఊరు తిరిగి ఏమీ రాయలేదు.
అలవాటుపడ్డారనుకున్నారు పైవాళ్ళు.
నేనూ అనుకున్నాను.

ఒక కవర్లో అసలు ఓటే లేదు.
పాత రైళ్ళ పట్టిక, మడతల దగ్గర చివికి,
మా స్టేషను పేరు చుట్టూ పెన్సిలు సున్నా.
బ్లాందీన్ నవ్వబోయి ఆగింది.
"చెల్లదు" అన్నాడు గిస్లాన్.
చెల్లదని రాశాను.
దాన్నీ లెక్కకట్టి, దస్తావేజుకి గుండుసూది గుచ్చాం.

నూట మూడు.
గిస్లాన్ రెండుసార్లు కూడాడు.
పట్నం నుంచి టీవీవాళ్ళు రేపు వస్తారట,
మీకేమైంది అని అడగడానికి.
దారి వాళ్ళకెలా తెలుస్తుందో,
సూచిక బోర్డు పడిపోయి రెండేళ్ళు.

తెర వెనక చెత్తబుట్ట ఖాళీ చేయడం నా పని.
నలిగిన మొహాలు, అన్ని పార్టీలవీ,
ఒకదాని చెంప మీద ఇంకొకటి.
దీపం ఆర్పి కోటు వేసుకుంటే
జేబులో కాగితం తగిలింది.
పొద్దున బల్ల మీంచి రెండు తీసుకున్నాను,
అందరిలాగే, ఎవరికీ తెలియకుండా ఉండాలని.
ఒకటి కవర్లోకి వెళ్ళింది.
మిగిలింది ఇది.

ముప్పై ఒక్కేళ్ళలో
ఒక్క ఉత్తరం తెరిచి చూసినదాన్ని కాదు.
ఇదీ తెరవలేదు.

మిషను దగ్గర ఆగి నాణెం వేశాను.
చాలాసేపు గరగరలాడింది లోపల.