ఉమ్మగిల్లనీ

మొక్కజొన్న పిండిలోంచి పుట్టిన నారు కప్పులు.
నీళ్లంత తేట. అవతలి వేలిముద్ర ఇవతలికి కనిపిస్తుంది.
ఏప్రిల్లో, మిట్టమధ్యాహ్నం
స్కూటర్ డిక్కీలో వేసుకొని
అనంతపురం నుంచి బుక్కరాయసముద్రం నర్సరీకి పోయాను.
డిక్కీ తెరిస్తే
మేక చెవుల్లా వాలిపోయి ఉన్నాయి.

కుళ్లాయప్ప నవ్వలేదు.
"అరవై డిగ్రీలకే మెత్తబడేది
మా ఎండకు యాడ నిలుస్తాదమ్మా" అన్నాడు,
టమాట నారు మీద షేడ్‌నెట్ సర్దుతూ.

వెనక్కొచ్చి ఇంకో డజను కప్పులు
అచ్చుల్లో బిగించి ఓవెన్‌లో పెట్టాను.
నూటపది. అరగంట.
కరిగించేంత కాదు, కదిలించేంత వేడి.
చిక్కుపడిన గొలుసులు కాస్త వదులై
ధర్మవరం ప్యాసింజర్‌లో
ముగ్గురి సీట్లో ఐదుగురు మోకాళ్లు ముడుచుకున్నట్టు
పక్కపక్కన సర్దుకుంటాయి.

ఇరవై ఆరో నిమిషంలో కరెంటు పోయింది.
ల్యాబు ఊడ్చే ఓబుళమ్మ ఓవెన్ తలుపు మీద చెయ్యేస్తే
తియ్యద్దన్నాను.
"తెలుసులే మా,
అన్నం దించినాక ఉమ్మగిల్లాల కదా."

చల్లారేసరికి పొద్దు గూకింది.
కప్పులు గంజి రంగు తిరిగాయి.
వేలు అడ్డం పెట్టాను, కనపడలేదు.

అదే వేడి తిన్న పట్టీని
మర్నాడు యంత్రం దవడల మధ్య బిగించి లాగితే
మునుపటికన్నా ఎక్కువే మోసింది.
మోసి, మోసి,
సాగనైనా సాగకుండా
టక్కున విరిగింది.
"మా పెద్దాయన మాదిరి" అంది ఓబుళమ్మ,
చీపురు ఆపకుండానే.

నోటుబుక్కులో రాసుకున్నాను:
స్ఫటికత, పన్నెండు నుంచి ముప్పై ఎనిమిది.
బలం పెరిగింది. సాగుడు తగ్గింది.
మట్టిలో కలవడం అనే గడి
ఖాళీ.

జూలై వానకు రెండు రకాలూ నారుతో సహా పాతాం.
కాయలు కోసి, ధర పడి, కొన్ని రోడ్డు పక్కన పారబోసి,
ఫిబ్రవరిలో తవ్వాం.
తేట కప్పు అంచులు
అప్పడంలా చేతిలో పొడి అయ్యాయి.
గంజి రంగు కప్పు
వేళ్లను పట్టుకొని అట్లే కూర్చుంది.
ఎండకు వంగనిది
మన్నుకూ వంగలేదు.

కుళ్లాయప్ప దాన్ని కాలవలో కడిగి
మట్టి నింపి, మిరప మొలక గుచ్చి
వరసలో పెట్టేశాడు.
"పోయేదాకా వాడుకుంటా. నువ్వు పోయేది చేసుకొని రా."

ఈరోజు తొంభై దగ్గర పెట్టాను.
కరెంటు ఉంది.
గోడకు ఆనుకొని ఓబుళమ్మ అడుగుతోంది,
"ఎంతసేపు ఉమ్మగిల్లనీమంటావు?"
గడియారం చూస్తున్నాను.
పది నిమిషాలా, పన్నెండా.